సగం నిజం – పూర్తి బాధ్యత



భూగర్భ గనిలో సర్దార్ రూఫ్‌ను కర్రతో తట్టి, శబ్దం విని, గట్టిగా ఉందని తేల్చుకున్న తరువాతే కార్మికులు దాని కింద పనికి నిలబడతారు. మాట విషయంలో మాత్రం మనకు ఈ జాగ్రత్త ఉండడం లేదు. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి వార్త కిందా తలపెట్టి నిలబడుతున్నాం. పైగా ఇరుగుపొరుగువారిని కూడా పిలిచి నిలబెడుతున్నాం.

సెంటినరీ కాలనీ, గోదావరిఖని కుటుంబాల్లో ఎంతగానో నలిగిన ఒక మాటను తీసుకుందాం: “సింగరేణిని అమ్మేస్తున్నారు.” దీనిలో నిజమెంత?

2021లో కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కళ్యాణఖని బొగ్గు బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టింది. దానిని వ్యతిరేకిస్తూ కార్మికులు డిసెంబరు 9 నుండి 11 వరకు సమ్మె చేశారు. 2022 నవంబరు 12న రామగుండం వచ్చిన ప్రధాని నరేంద్ర మోదీ గారు, సంస్థలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నందున కేంద్రం తనంత తానుగా దానిని ప్రైవేటుపరం చేయజాలదని చెప్పారు.

నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. సంస్థ వాటాలు ఎవరివి అన్నది ఒకటి. రేపటి బొగ్గును తవ్వే హక్కు ఎవరిది అన్నది రెండోది. ఒక్క వాటా అమ్మకపోయినా, కొత్త బ్లాకులు రాకపోతే పాత గనుల ఆయుష్షు తీరినకొద్దీ సంస్థ చిక్కిపోతుంది. “అమ్మేస్తున్నారు” అన్నవారి భయం నిజమైనదే, కాని మాట సరైనది కాదు. “51 శాతం మనదే, ఇక దిగులెందుకు?” అన్నవారి లెక్క సరైనదే, కాని వారు చూసింది సగం ప్రశ్ననే.

“మన మేలు కోసమే కదా, కాస్త పెంచి చెబితే తప్పేమిటి?” అని కొందరు అడుగుతారు. నిజమైన బాధను అబద్ధపు బండి ఎక్కిస్తే, బండి బోల్తాపడిన రోజున బాధ కూడా దానితోపాటే పడిపోతుంది. “అమ్మకం లేదు” అన్న ఒక్క జవాబుతో బ్లాకుల సంగతి అడిగేవాడు లేకుండా పోతాడు. నష్టం కార్మికునికే.

ఎనిమిదవ దైవాజ్ఞ అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించింది. పోపు ఫ్రాన్సిస్ గారు 2018 ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవ సందేశంలో తప్పుడు వార్తలకు తొలి ఉదాహరణగా ఏదెను తోటలోని సర్పాన్ని చూపారు. ఒక్క చెట్టును గురించిన ఆజ్ఞను అన్ని చెట్లకూ అంటగట్టడం దాని ఉపాయం. నిజాన్ని కాస్త సాగదీసింది, అంతే! అలాంటి మాట నమ్మి ఓటు వేసినవాని చేయి తనదే అయినా, నిర్ణయం మాత్రం మరొకరిది.

అలాగని “అంతా అబద్ధమే” అని కళ్లు మూసుకోవడం వివేకం కాదు, బాధ్యత తప్పించుకోవడం. వార్త రాగానే మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చెప్పారు? ఏ కాగితంలో ఉంది? ఏమి చెప్పకుండా వదిలారు? ఫోను సంగతి పిల్లలకు తెలుసు, బాయి సంగతి పెద్దలకు తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుంటే చాలా మాటల గుట్టు తేలుతుంది. పంపిన వార్త తప్పని తేలితే, ఏ వాట్సాప్ గ్రూపులో పంపామో అక్కడే ఆ మాట చెప్పాలి.

తెలుసుకోవడంతో పని తీరదు, అడగాలి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద దరఖాస్తు పెడితే సింగరేణి సంస్థ మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. గని విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే, 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజలకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. ఆ సభకు వెళ్లేముందు నివేదిక సారాంశం చదవాలి. సింగరేణిలో 1998 నుండి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న కూడా ఓటింగ్ జరిగింది. ఓటు అడిగే నాయకుణ్ణి గేట్ మీటింగులోనే “వాటాల మాట సరే, బ్లాకుల మాటేమిటి?” అని మర్యాదగా నిలదీయవచ్చు.

ప్రజాస్వామ్యానికి బలం జయజయధ్వానాల వల్ల రాదు. నిజం తెలుసుకొని, భయపడకుండా, నలుగురి ముందు నోరు విప్పి అడిగే సామాన్యుని వల్ల వస్తుంది. ఆ సామాన్యుడు మన ఇంటినుండే ఎందుకు రాకూడదు?