పేరు పెట్టినవాడి అక్షరం

విజ్ఞాన సర్వస్వంలోనో గ్రంథసూచిలోనో ఒక పేరు చేరేటప్పుడు సంపాదకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. పేరు పెట్టినవాడు లోకానికి అలవాటు లేని అక్షరాలతో దాన్ని రాసుకుని ఉంటాడు. గ్రంథానికేమో తనదైన వర్ణక్రమం, తనదైన అకారాది వరస ఉంటాయి. ఆ పేరును గ్రంథపు కట్టుబాటుకు తగ్గట్టు దిద్దాలా, ఉన్నదున్నట్టు దించుకోవాలా? ప్రూఫులు చూసేవారి మధ్య తగాదాలా కనిపించే ఈ ప్రశ్న మీద మన వ్యాకరణ దర్శనం రెండు వేల ఏళ్ల క్రితమే తలపట్టుకు కూర్చుంది. పేరు భాష సొత్తా, పెట్టినవాడి సొత్తా అన్నది అక్కడి విచారం.

తెలుగులో ఈ చిక్కును చూడడానికి మునగాల మంచి చోటు. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరు బ్రిటిషు కాలంలో ఒక జమీందారీకి పేరు. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లా లెక్కలో ఉండేది. నాయని వెంకట రంగారావు జమీందారుగా ఉన్న రోజుల్లో అక్కడ దివానుగా పనిచేసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877–1923) 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యుడు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము ఆయన సంపాదకత్వంలో 1915 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన 'అబ్రహాము లింకను చరిత్ర' (1907).

ఈ రెండు పుస్తకాల పేర్లూ ఇప్పటి జాబితాల్లో ఎలా ఉంటాయో చూస్తే విషయం తెలుస్తుంది. 'సర్వస్వము' చాలాచోట్ల 'సర్వస్వం' అయిపోయింది. 'అబ్రహాము లింకను' కాస్తా 'అబ్రహాం లింకన్' అవుతూ ఉంటాడు. దిద్దినవారికి దురుద్దేశం ఏమీ లేదు, ఈనాటి పాఠకుడికి సులువు చేద్దామనే అనుకున్నారు. కానీ 1907 నాటి తెలుగు ఒక పరాయి పేరును తనలో కలుపుకునేటప్పుడు దానికి అచ్చు ముగింపు తొడిగేదని చెప్పే సాక్ష్యం ఆ చివరి ఉకారమే. దాన్ని తీసేస్తే పుస్తకం దొరుకుతుంది, పుస్తకం పుట్టిన కాలం దొరకదు. తెలుగువాడికి విజ్ఞానాన్ని క్రమపద్ధతిలో అందించాలని పుట్టిన గ్రంథం పేరే మరొకరి క్రమపద్ధతిలో పడి మారిపోవడం కాస్త విడ్డూరమే.

మొదట చెప్పిన వ్యాకరణ దర్శనపు విచారం పాణిని వ్యాకరణానికి వ్యాఖ్యానమైన మహాభాష్యంలో ఉంది. అందులో పతంజలి వర్ణమాలను వ్యాఖ్యానిస్తూ ఌకారం దగ్గర ఆగుతాడు. తెలుగు పిల్లలు వల్లించి మరిచిపోయే ఈ అక్షరం సంస్కృతంలోనూ అరుదు. ఒకే ఒక్క ధాతువులో తప్ప అంతగా కనిపించని అక్షరానికి వర్ణమాలలో చోటెందుకు? పాణిని సూత్రాలకు వార్తికాలు రాసిన కాత్యాయనుడు ఎత్తి చూపిన ప్రయోజనాల్లో మొదటిది యదృచ్ఛాశబ్దం, అంటే ఇచ్ఛకొద్దీ పెట్టిన పేరు. ఎవరికో 'ఌతకుడు' అని పేరు పెట్టారు, దాన్ని పలకాలంటే, రాయాలంటే ఆ అక్షరం ఉండాలి. రెండోది అనుకరణం. ఒకామె 'ఋతకుడు' అనబోయి నోరు తిరగక 'ఌతకుడు' అంది. ఆమె ఏమందో మరొకరు చెప్పాలన్నా ఆ అక్షరమే కావాలి. అలవాటు లేని పేరు పెట్టుకోవడం, దాన్ని మరొకరు ఉల్లేఖించడం అనే రెండు పనులనూ ఆనాడే విడదీసి చూశారన్నమాట. ఈనాటి సంపాదకుల వాదాల్లో తరచూ కొరవడేది ఈ విడదీతే.

మొదటిదాని మీద కాత్యాయనుడి సమాధానం కరకుగానే ఉంది. 'ఋతకుడు' అనే సాధురూపం ఉండగా 'ఌతకుడు' అని కల్పించుకోనక్కరలేదు, పేర్లలోనూ న్యాయమైన రూపాన్నే వాడాలి. పేర్లను ప్రామాణిక వర్ణక్రమానికి లొంగదీసే ప్రతి సంపాదకుడికీ ఇతడే మూలపురుషుడు. దాని వెనక ఒక పెద్ద తగువు ఉంది. శబ్దాలు జాతిని, గుణాన్ని, క్రియను, యదృచ్ఛను బట్టి నాలుగు తెగలని ఒక పక్షం. యదృచ్ఛాశబ్దాలనేవే లేవు, ప్రతి పేరూ ఏదో ఒక ధాతువు నుంచి అర్థవంతంగా పుట్టాల్సిందే, కాబట్టి మూడే తెగలని రెండో పక్షం. ఈ రెండో పక్షాన్ని ఒప్పుకుంటే విచిత్రమైన పేరు అనేది ఉండదు, తప్పుగా పలికిన మామూలు పేరు మాత్రమే ఉంటుంది.

అయితే అదే మహాభాష్యం తొలి ఆహ్నికంలో నామకరణం గురించి యాజ్ఞికుల మాట ఒకటి ఉంది. బిడ్డ పుట్టిన పదో దినం దాటాక పెట్టే పేరు ఘోషాక్షరంతో మొదలవ్వాలి, నడుమ అంతస్థం ఉండాలి, రెండో నాలుగో అక్షరాలుండాలి, కృదంతం కావాలి, తద్ధితం కాకూడదు. వ్యాకరణం తెలియనివాడు ఇవి పాటించలేడు గనక వ్యాకరణం చదవాలని అక్కడి తాత్పర్యం. గమనించాల్సిందేమంటే ఈ నియమాలన్నీ తొట్టెల దగ్గరివి. పేరు పెట్టేవాడు ఎలా పెట్టాలో చెబుతాయి. పెట్టిన పేరును తర్వాత ఎవరైనా దిద్దవచ్చని ఇవి చెప్పవు.

ఌకారపు రెండో ప్రయోజనమైన అనుకరణం దగ్గర వాదం ఇంకా పదునెక్కుతుంది. అపశబ్దాన్ని అనుకరిస్తే ఆ అనుకరణా అపశబ్దమే కాదా? బ్రహ్మహత్య చేసినవాణ్ని చూసి తానూ చేసినవాడు, సురాపానం చేసినవాణ్ని చూసి తానూ తాగినవాడు పతితుడే కదా అని ఆక్షేపణ. పతంజలి జవాబు అందమైనది. వాడు ఇలా చంపాడు, ఇలా తాగాడు అని చూపిస్తూ, స్నానం చేసి, గంధం పూసుకుని, మెడలో దండ వేసుకుని ఒకడు అరటిబోదె నరికాడు, పాలు తాగాడు. వాడు పతితుడవుతాడా? కాడు. అపశబ్దాన్ని చూపించే శబ్దానికి ఆ అపశబ్దమే అర్థం. చూపించేవాడు దాన్ని వాడడం లేదు.

పరామర్శ గ్రంథం చేసే పని సరిగ్గా ఇదే. అందులోని శీర్షిక వాడుక కాదు, అనుకరణ. 'ఈ పాటకు ఈ పేరు పెట్టారు' అన్నప్పుడు ఆ పేరులోని వంకర గ్రంథకర్తది కాదు, దాన్ని చూపడమే అతడి ధర్మం. వాడుకలో తప్పు చేయకూడదన్న నియమాన్ని తెచ్చి అనుకరణ మీద రుద్దితే, అరటిబోదె నరికినవాడికి ప్రాయశ్చిత్తం విధించినట్టే.

అనుకరణలో దిద్దుబాటు ఎంత నష్టమో త్వష్ట కథ చెబుతుంది. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో త్వష్ట హోమం చేస్తాడు. ఇంద్రుణ్ని చంపేవాడు పెరగాలన్నది కోరిక. సమాసంలో స్వరం తప్పి పలకడంతో ఇంద్రుడే ఎవరికి హంతకుడో వాడు పెరగాలన్న అర్థం వచ్చింది. ఆ హోమంలోంచి వృత్రుడు పుట్టి, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. తైత్తిరీయ సంహితలోని ఈ కథను ఉచ్చారణ మీద శ్రద్ధ పెట్టమని చెప్పడానికి వాడుతూ వచ్చారు. దానిలో మరో పాఠమూ ఉంది. మంత్రాన్ని దించుకున్న వేదపాఠకుల్లో ఎవరైనా జాలిపడి త్వష్ట స్వరాన్ని సరిదిద్ది ఉంటే, వృత్రుడు ఎందుకు ఓడాడో ఆ కథలో కారణమే మిగిలేది కాదు. తప్పును తప్పుగానే మోసుకొచ్చిన నోళ్ల వల్ల కథ నిలిచింది. రామాయణ భారతాల్లో పాణినికి లొంగని రూపాలను ఆర్షమని గౌరవించి వదిలేసిన వ్యాఖ్యాతలదీ ఇదే మర్యాద.

జపాను సంగీతంలో ఈ ప్రశ్న ప్రతి ఆల్బమ్ అట్ట మీదా కనిపిస్తుంది. జపనీయులు కంజి, హిరగన, కతకన అనే మూడు లిపులను కలిపి రాస్తారు. అవసరమైతే రోమన్ అక్షరాలనూ తెచ్చుకుంటారు. ఒకే మాటను ఏ లిపిలో రాయాలన్న ఎంపికే అక్కడ అర్థంలో భాగం. వారి సొంత లిపుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదం లేదు. అందుకే రోమన్ లిపి చేతికొచ్చినప్పుడు ఆ భేదాన్ని వ్యాకరణంగా గాక రూపంగా వాడుకున్నారు. 2007లో రంగం మీదికి వచ్చినప్పుడు గ్రీన్ బృందం పేరులో జీ, ఆర్, ఎన్ పెద్దవి, నడుమ చిన్న 'ఈ'లు రెండుకు బదులు నాలుగు ఉండేవి. బృందంలో అప్పుడు ఉన్నది నలుగురు. 1997లో ఏర్పడిన మార్నింగ్ ముసుమె పేరు చివర జపనీయుల వాక్యాంత బిందువు ఉంటుంది. వాక్యం నడుమ ఆ పేరు వస్తే వాక్యం అక్కడే ముగిసినట్టుంటుంది, అయినా ఆ చుక్క పేరులోదే.

వీటికన్నా చెప్పుకోదగ్గది గిటారు వాద్యకారుడు హిడె (1964–1998). ఎక్స్ జపాన్ బృందంలో ఉన్నప్పుడు అతడి పేరు అన్నీ పెద్దక్షరాలు. సొంతంగా పాడినప్పుడు అన్నీ చిన్నక్షరాలు. ఇంగ్లిషు పద్ధతి ప్రకారం మొదటి అక్షరం పెద్దది చేసి తక్కినవి చిన్నవి చేసిన సంపాదకుడు ఒక్క వేటుతో ఆ రెండు జీవితాలనూ కలిపేసి, అతడెన్నడూ వాడని మూడో పేరు పుట్టిస్తాడు. కాత్యాయనుడు చెప్పిన 'న్యాయమైన రూపం' ఇక్కడ ఏది? అమెరికాలో స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ తన పేరంతా చిన్నక్షరాలతో రాసుకుంది, చూపు తన మీద గాక తన మాటల మీద పడాలని. ఆ చిన్నక్షరాలను దిద్దడమంటే ఆమె వాదంలో ఒక వాక్యం కొట్టేయడమే.

మతగ్రంథాలను నకలు రాసినవారు ఈ చిక్కును దాటే తోవను ముందే కనుక్కున్నారు. హీబ్రూ బైబిలును కాపాడిన మాసోరీతు పండితులు మూలంలోని అక్షరాన్ని ముట్టుకోలేదు. చదవాల్సింది వేరైతే దాన్ని అంచున రాశారు. లేవీయకాండం మొదటి మాటలోని చివరి అక్షరం అలెఫ్ తక్కిన వాటికన్నా చిన్నది. ఎందుకు చిన్నదో చెప్పే వ్యాఖ్యానాలు బోలెడు, దాన్ని పెద్దది చేసిన లేఖకుడికి మాత్రం ఆ సంప్రదాయంలో చోటు లేదు. ఖురాను రాతలో 'సలాత్' అనే మాటలో అలిఫ్ ధ్వని వినిపించే చోట వావ్ అక్షరం ఉంటుంది. ఉస్మానీ రాతగా పేరొందిన ఆ పద్ధతిని 1924 నాటి కైరో ముద్రణ కూడా అలాగే ఉంచింది. పలకాల్సిన తీరును తెలిపే గుర్తులు అక్షరం చుట్టూ చేరాయి, అక్షరం మారలేదు. జపాను గ్రంథాలయాల పట్టికల్లోనూ పని ఇలాగే సాగుతుంది. శీర్షికను పుస్తకం మీద ఉన్నట్టే దించుతారు, అది ఎలా చదవాలో కన అక్షరాల్లో పక్కన ఇస్తారు, వరస ఆ చదువును బట్టి నడుస్తుంది.

మన దగ్గర ఈ పద్ధతిని పట్టుగా పాటించినవారు శాసన పరిష్కర్తలు. కొమర్రాజు లక్ష్మణరావు పేరు మీద హైదరాబాదులో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' వెలువరించింది. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్లలో కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. ఆ కాలపు రాతలో రేఫ తర్వాతి హల్లును రెట్టించి 'ధర్మ్మ' అని రాయడం మామూలు. పరిష్కర్త దాన్ని అలాగే అచ్చు వేస్తాడు, దిద్దుబాటు ఉంటే అడుగున చెబుతాడు. ఇక్కడ మరో సంగతి. ఈనాటి కంటికి వింతగా కనిపించే 'ధర్మ్మ' ఆనాటి లేఖకుడికి పద్ధతి ప్రకారం రాసిన రాతే. వింత ఎవరిదన్నది కూడా దిద్దకుండా ఉంచితేనే తేలుతుంది.

అయితే అట్ట మీద ఉన్న ప్రతి గీతా పేరు కాదు. సినిమా పోస్టరు మీద అక్షరం కత్తిలా ఉంటే అది చిత్రకారుడి పని, వర్ణక్రమం కాదు. పేరు పెట్టినవాడు తన మామూలు రాతలో, ఉత్తరాల్లో, సంతకం కింద కూడా ఆ రూపాన్నే వాడితే అది పేరు. అట్ట దాటి ఎక్కడా కనిపించకపోతే అలంకారం. అచ్చుతప్పుకూ యదృచ్ఛకూ తేడా కూడా ఇలాగే, మరో ముద్రణ చూస్తే తెలుస్తుంది. 'ఫిడేలు రాగాల డజన్' (1939) రాసిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 'పఠాభి' అని రాసుకున్నాడు. పట్టాభిలోంచి ఠకారం పుట్టడం ఏ సూత్రానికీ అందదు. అది కంపోజిటరు పొరపాటు కాదు, ఛందస్సును ఎదిరించినవాడు తన పేరులోనే మొదలుపెట్టిన తిరుగుబాటు. దాన్ని 'పట్టాభి' అని దిద్దిన సూచిక కవిని వదిలి ఇంట్లో పెట్టిన పేరును పట్టుకుంటుంది. సంఖ్యాశాస్త్రం నమ్మి ఇంగ్లిషు పేరులో అక్షరం కలుపుకున్న సినీతారలదీ ఇదే లెక్క. ఆ అక్షరానికి అదృష్టం తెచ్చే శక్తి ఉందని సంపాదకుడు నమ్మనక్కరలేదు, ఆ అక్షరం ఉందని రాస్తే చాలు.

ఉన్నదున్నట్టు ఉంచితే పాఠకుడికి పేరు దొరకదన్న ఆక్షేపణ బలమైనదే, కానీ దానికి జవాబు దిద్దుబాటు కాదు, ప్రతిసూచన. 'పట్టాభి' దగ్గర వెతికినవాణ్ని 'పఠాభి' దగ్గరికి పంపే ఒక పంక్తి చాలు. 'సర్వస్వం' దగ్గర 'సర్వస్వము చూ.' అని ఉంటే ఇటు వాడుకా అటు పుస్తకమూ రెండూ నిలుస్తాయి.

తెలుగు గ్రంథానికి మిగిలే అసలు ఇబ్బంది లిపిదే. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. 'హిడె' అని రాసిన క్షణంలోనే అతడి రెండు పేర్లూ ఒకటైపోతాయి, సంపాదకుడు వేలు పెట్టకుండానే. నాలుగు 'ఈ'ల గ్రీనూ మామూలు గ్రీనే అవుతుంది. ఇక్కడ అనుకరణ సాధ్యం కాదు గనక దాని పని వర్ణన చేయాలి. శీర్షిక కింది మొదటి వాక్యంలోనే ఆ పేరు మూలంలో ఏ లిపిలో ఉందో, ఏ అక్షరం పెద్దదో, ఏది రెట్టించారో, చుక్క ఎక్కడ ఉందో మాటల్లో చెప్పాలి. హిడె విషయంలో ఏ రూపం ఏ కాలానిదో కూడా అక్కడే రావాలి.