యాత్ర సామాను ఎవరి తల మీద?

ఇచ్చోడలో రైలు స్టేషన్ లేదు. తిరుపతి మొక్కు తీర్చుకోవాలనుకున్న కుటుంబం సామానంతా బస్సులో వేసుకుని ఆదిలాబాద్ పోవాలి, అక్కడ కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఆ సామానులో ఏముంటుందో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. దారిలోకి చపాతీలు, పులిహోర, మామిడికాయ తొక్కు, డబ్బా నిండా సకినాలు, దుప్పట్లు, పిల్లల బట్టలు, ముసలాయన మందుల సంచి, పసుపు బట్టలో కట్టిన ముడుపు. స్లీపర్ బోగీలో మనిషికి 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితంగా తీసుకుపోవచ్చని రైల్వే నిబంధన. స్లీపర్‌లో పోయే నలుగురికి 160 కిలోలన్నమాట. ప్రవచనాలు చెప్పేవాళ్ళకు ఇది మంచి సరుకు. వదులుకోవడానికి పోతూ ఇన్ని మూటలెందుకని అడుగుతారు, సామానే మమకారమంటారు, చేతులూపుకుంటూ పోయినవాడికే దేవుడు దగ్గరంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చేతులూపుకుంటూ పోయేవాడి సామాను ఏమైందో ఆ ప్రవచనంలో ఎవరూ అడగరు. మూట బరువును బట్టి వైరాగ్యాన్ని కొలవడం పొరపాటని నా వాదన. తగ్గిన బరువు ఎక్కడికి పోయిందో, ఎవరి మీదికి ఎక్కిందో చూసి కొలవాలి.

అపరిగ్రహం మనకు కొత్త మాట కాదు. పతంజలి చెప్పిన ఐదు యమాల్లో అది చివరిది, జైనుల ఐదు మహావ్రతాల్లోనూ చివరిదే. దిగంబర ముని దగ్గర ఉండేది నెమలి ఈకల కుంచె, కమండలం. బౌద్ధ భిక్షువుకు ఎనిమిది వస్తువులు చాలన్నారు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడగట్టే గుడ్డ. ఈ చిట్టాను కాస్త నిదానంగా చూడాలి. నీళ్ళలోని చిన్న ప్రాణులు కడుపులోకి పోయి చావకూడదని ఆ వడగట్టే గుడ్డ. అంటే అన్నీ వదిలేసినవాడు కూడా ఇతర ప్రాణుల కోసం ఒక వస్తువు మోయాలని నియమం పెట్టారు. ఇక భిక్షాపాత్ర ఖాళీగా ఉండాలంటే ఊళ్ళో ఎవరింట్లోనో కుండ నిండుగా ఉండాలి. బియ్యం బస్తా భిక్షువు మోయడు, గృహస్థు మోస్తాడు. ఇందులో మోసం లేదు, ఎందుకంటే భిక్షువు ప్రతి పొద్దూ ఆ గడప ముందే నిలబడతాడు. తన బరువు ఎవరి మీద ఉందో ఆయనకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. జైనులు ఇంకో అడుగు ముందుకు వేసి, గృహస్థుకు పరిగ్రహ పరిమాణమని వేరే వ్రతం పెట్టారు. అన్నీ వదలనక్కర్లేదు, ఇంతకు మించి ఉంచుకోనని తనకు తాను హద్దు గీసుకుంటే చాలు. రైల్వేవాళ్ళ 40 కిలోల నిబంధన కూడా హద్దే గానీ, అది బోగీ పట్టేదాన్ని బట్టి గీసింది, మనిషి మనసును బట్టి కాదు.

బరువు వదిలించుకోవడం ఎంత చిక్కు వ్యవహారమో ఇటలీలోని అసీసీ చూపిస్తుంది. ఈ మధ్య మనవాళ్ళు కూడా పెద్ద పెద్ద సూట్‌కేసులతో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ తిరిగి వస్తున్నారు. రైల్లో అసీసీ పోతే ఊరు కొండ మీద ఉంటుంది, స్టేషన్ కింద సాంటా మరియా దెల్యి ఆంజెలీ దగ్గర ఉంటుంది. అక్కడి పెద్ద చర్చి లోపల పోర్సియుంకోలా అనే చిన్న గుడి ఉంది. దారిలోకి సంచి వద్దు, రెండో అంగీ వద్దు, చెప్పులు వద్దు అని ఏసు శిష్యులకు చెప్పిన సువార్త భాగాన్ని బట్టల వ్యాపారి కొడుకు ఫ్రాన్సిస్ 1208 ప్రాంతంలో విన్నది అక్కడేనని సంప్రదాయం. విని అక్షరాలా పాటించాడు. సంచి వద్దన్న మాట ఫ్రాన్సిస్ విన్న చోటికి కూతవేటు దూరంలోనే ఇప్పుడు యాత్రికులు సంచులు దింపుకుంటున్నారని నవ్వుకోవచ్చు. అసలు కథ ఫ్రాన్సిస్ పోయిన తర్వాత మొదలైంది. శిష్యులు వేలల్లోకి పెరిగారు. వాళ్ళకు మఠాలు కావాలి, పుస్తకాలు కావాలి, తిండి కావాలి, ఆస్తి మాత్రం ఉండకూడదు. దానికొక ఉపాయం దొరికింది. యాజమాన్యం పోప్‌ది, సన్యాసులది వాడకం మాత్రమే. 1279లో పోప్ మూడో నికొలస్ దీన్ని ఖాయం చేశాడు. 1322లో పోప్ ఇరవై రెండో జాన్ అడ్డం తిరిగాడు. మీరు తినే రొట్టెకు నేను యజమాని ఏమిటి, ఈ పేరు నాకొద్దని ఆయన వాదన సారం. ఆ పోప్ పరమ దయాళువేమీ కాదు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన వేలు సరైన చోటే పెట్టాడు. కాగితం మీద పేరు మార్చినంత మాత్రాన రొట్టె బరువు తగ్గదు. ఫ్రాన్సిస్ తన బరువును నిజంగానే దించాడు, తర్వాతివాళ్ళలో చాలామంది దాన్ని ఇంకొకరి ఖాతాలో రాయించారు. చూడడానికి ఇద్దరూ వట్టి చేతులతోనే కనిపిస్తారు.

అంత దూరం పోకపోయినా ఇచ్చోడ పక్కనుంచి పోయే రోడ్డు ఇదే సంగతి చెబుతుంది. హైదరాబాద్ నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ పోయే ఈ మార్గంలోనే ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోయాడు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఆయన దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. వెంట సుమారు వందమంది పరివారం, పల్లకీలు, మోసే బోయీలు. దారి పొడుగునా చూసింది రాసిపెట్టాడు గనక 1838లో అచ్చయిన ఆ పుస్తకం మనకు దక్కింది, ఆ రుణం తక్కువది కాదు. కానీ పుణ్యం లెక్క వేసేటప్పుడు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. గోదావరి దాటి, నిర్మల్ దాటి, అడవి దారిలో ప్రతి అడుగూ వేసింది బోయీలు. కాశీ దాకా నడిచింది వాళ్ళు, కాశీయాత్ర చేసింది ఆయన. అప్పటి ఆచారం అదేగా అంటే, అదే. ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరి యాత్ర ఎవరి కాళ్ళ మీద జరిగిందో చెప్పడానికి ఇంత స్పష్టమైన సాక్ష్యం ఇంకోటి దొరకదు.

ఇప్పుడు పల్లకీలు లేవు, చక్రాలొచ్చాయి. సూట్‌కేసుకు చక్రాలు పెట్టి బెర్నార్డ్ శాడో అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్నది 1972లో. నున్నటి ప్లాట్‌ఫారం మీద పాతిక కిలోలు ఒంటి చేత్తో నడుస్తాయి, బరువున్నట్టే తెలియదు. తెలియకపోవడంతో చిక్కు మొదలవుతుంది. ఓవర్‌బ్రిడ్జి మెట్ల దగ్గర చక్రాలు పనికిరావు. వెనిస్‌లో స్టేషన్ బయటికి రాగానే కాలువ, ఆ పైన మెట్ల వంతెనలు. అప్పుడు అటూ ఇటూ చూస్తాం, మోసేవాడెవడైనా ఉన్నాడా అని. ఇంట్లో సర్దేటప్పుడు మన బలం ఎంతో చూసుకోలేదు, చక్రం బలం చూసుకుని సర్దాం. ఇంకొందరికి చక్రం కూడా అక్కర్లేదు. జేబులో కార్డు ఉంటుంది, కావలసింది దిగిన చోట కొనుక్కుంటారు, ఉతికిన దుప్పటి హోటల్లో ఉంటుంది. చిన్న సంచితో ప్రపంచం తిరిగొచ్చామని వీళ్ళు చెప్పుకునేది నిరాడంబరత కాదు, కొనే శక్తి. నిర్మల్, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయి వచ్చేవాళ్ళ అట్టపెట్టెలు చూడండి. టేపు చుట్టి, పైన తాడు బిగించి, పేరూ ఊరూ లావాటి అక్షరాలతో రాసి ఉంటాయి. అనుమతించిన కిలోలకు ఒక్క కిలో తక్కువ ఉండదు. లోపల తనకోసం ఏమీ లేకపోవచ్చు. చెల్లెలికి చీర, పిల్లలకు బొమ్మలు, తల్లికి దుప్పటి. ఆ పెట్టెను మమకారమని తీసిపారేసి, కార్డువాడి చిన్న సంచిని వైరాగ్యమని మెచ్చుకునే తత్వశాస్త్రం నాకు అక్కర్లేదు.

మరి మన ఆచారాలు ఏం చెబుతున్నాయి? ప్రవచనకారులు మరిచిపోయారు గానీ, మన యాత్రల్లో కొన్ని బరువును తీసేయమనలేదు, మోయమన్నాయి. అయ్యప్ప స్వాముల ఇరుముడి చూడండి. అదొక సామాను నియమం. ముందు ముడిలో దేవుడికి నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజ వస్తువులు. వెనక ముడిలో దారిలో తన తిండికి కావలసినవి. రెండూ ఒకే బట్టలో, ఒకే తల మీద. పద్దెనిమిది మెట్లు ఎక్కాలంటే అది తల మీద ఉండాల్సిందే. బట్టల బ్యాగును రైలు దిగగానే కూలీకి ఇవ్వొచ్చు, ఇరుముడి ఇవ్వరు. ఇంకా దగ్గర్లో కేస్లాపూర్‌లో గోండుల నాగోబా గుడి ఉంది. పుష్య అమావాస్య పూజకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం వైపు హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి, ఝరి అనే పాత్రలో గోదావరి నీళ్ళు నింపుకుని, మళ్ళీ నడిచే వస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. ఊరి పొలిమేరకు వచ్చాక ఝరిని చెట్టు మీద భద్రపరుస్తారు. జీపు దొరక్క నడుస్తున్నారా? జీపులో పెడితే పూట తిరక్కుండా నీళ్ళు వస్తాయి. అయినా నడుస్తారు, ఎందుకంటే ఆ నీళ్ళు వాళ్ళ పాదాల మీద రావాలి. మిగతా ఇంటి సామాను ఎడ్లబండ్ల మీద వచ్చేది, ఇప్పుడు ట్రాక్టర్ల మీదా వస్తుంది, దానికి అభ్యంతరం లేదు. దేన్ని ఇంకొకరికి అప్పజెప్పవచ్చు, దేన్ని అప్పజెప్పకూడదు అన్న తేడా వాళ్ళకు స్పష్టంగా తెలుసు. నాకు కనిపించినంతలో అపరిగ్రహానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం గ్రంథాల్లో లేదు.

ఇక్కడ ఎవరైనా అడ్డుకోవచ్చు. అందరూ తమ మూట తామే మోసుకుంటే రైల్వే కూలీ ఏం తినాలి? న్యాయమైన ప్రశ్న. ఎర్ర చొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ, తల మీద చుట్టిన తుండుగుడ్డ మీద రెండు సూట్‌కేసులు, భుజానికో సంచి. చక్రాలొచ్చాక ఆ మనిషికి గిరాకీ పడిపోయింది. 2008 బడ్జెట్లో లైసెన్సు కూలీలకు గ్యాంగ్‌మన్ ఉద్యోగాలిస్తామన్నారు, 2016లో పేరు మార్చి సహాయక్ అన్నారు. పేరు మారినా బరువు మోసే తల అదే. ఆయన్ను పిలవొద్దని నేననడం లేదు. కూలి మాట్లాడుకుని, మూట బరువు దాచకుండా చెప్పి, మెట్ల దగ్గర ఒక చెయ్యి వేసి, అనుకున్నది చేతిలో పెడితే, భిక్షువుకూ గడపకూ ఉన్న సంబంధమే ఇక్కడా ఉంటుంది. ఇవతలివాడికీ అవతలివాడికీ లెక్క తెలుసు. హుండీలో వేయడానికి వేల రూపాయలు ముడుపు కట్టి, కూలీ దగ్గర ఇరవై రూపాయలకు పావుగంట బేరమాడితే మాత్రం అది పొదుపనిపించుకోదు. ఆ ముడుపులో ఇరవై రూపాయలు కూలీవే.

ముసలివాళ్ళ సంగతి? శబరిమల కొండ దారిలో డోలీ ఎక్కే ఎనభై ఏళ్ళాయన పాపం చేస్తున్నాడా? లేదు. ఎత్తలేనివాడికి బరువు లేదు, మోసేవాడికి కూలి ఉంది. ఎత్తగలిగి ఎత్తనివాడి గురించే నా గొడవ. అలాంటివాడు దొరికేది స్టేషన్లో కంటే ఇంట్లోనే ఎక్కువ. ఆ 160 కిలోలు సర్దినదెవరు? తొక్కు పెట్టింది, సకినాలు చుట్టింది, ఎవరి బట్టలు ఏ సంచిలో ఉన్నాయో గుర్తుపెట్టుకున్నది, బస్సులో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కాళ్ళ దగ్గర డబ్బా పట్టుకున్నది, తిరిగొచ్చాక అన్నీ ఉతికింది ఎవరో వేరే చెప్పాలా? చేతిలో సెల్‌ఫోన్ ఒక్కటే పట్టుకుని ముందు నడిచే ఇంటాయనకు సామాను మీద మమకారం ఎందుకుంటుంది? మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ఇంతే. చన్నీళ్ళ స్నానం ఆయనది, నేల మీద పడక ఆయనది. తెల్లారకముందే లేచి వేరే గిన్నెల్లో మడిగా వండేది ఆమె. ఇరుముడి ఎత్తేనాడు అందరూ ఆయన కాళ్ళకు మొక్కుతారు. ఆమెకు కూడా పుణ్యంలో సగం వస్తుందని సర్దిచెబుతారు. రావచ్చు. పనిలో సగం ఈయనకు ఎందుకు రాలేదో ఆ సర్దిచెప్పేవాళ్ళే చెప్పాలి.