సభ నమ్మే సాక్ష్యం

2023 జనవరి 23 రాత్రి అమెరికాలోని సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయిని పోలీసు కారు గుద్దింది. గంటకు 25 మైళ్లు మించకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. పై చదువుకు వెళ్లిన పిల్ల, ఇరవై మూడేళ్లది. బతకలేదు. ప్రమాదం విషయమై అక్కడికి వెళ్లిన మరో పోలీసు అధికారి ఆ తర్వాత తమ సంఘం అధ్యక్షుడితో ఫోన్లో మాట్లాడాడు. ఒంటి మీద కెమెరా ఆన్‌లోనే ఉండిపోయింది. ఆయన నవ్వడం అందులో వినిపిస్తుంది. ఆమెకు ఇరవై ఆరేళ్లట, విలువ అంతంతమాత్రమట, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాసేస్తే సరిపోతుందట. సెప్టెంబరులో ఇది బయటపడింది. నగరం తరఫు లాయర్ల ధోరణిని వెక్కిరిస్తూ అలా అన్నానని ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నాడు. 2024 జులైలో ఆయన ఉద్యోగం తీసేశారు.

అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా పోలీసు దెబ్బల గురించి ఆలోచించిన ప్రతిసారీ ఆ నవ్వే నాకు గుర్తొస్తుంది. లాఠీ లేవకముందే మనసులో ఒక లెక్క తేలిపోతుంది: వీడినేం చేసినా అడిగేవాడెవడు? ఎదుటి మనిషికి కట్టిన ఆ ఖరీదును బట్టే చెయ్యి లేస్తుంది, లేదా ఆగుతుంది. మామూలుగా పైకి వినిపించని ఆ లెక్కను సియాటిల్ కెమెరా పొరపాటున వినిపించింది.

కెమెరా తగిలిస్తే పోలీసు మారతాడా? కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న ఊళ్లో 2012లో పరీక్ష మొదలుపెట్టారు. కెమెరా లేని షిఫ్టుల్లో బలప్రయోగం, ఉన్న షిఫ్టుల్లో కంటే రెట్టింపు జరిగినట్టు తేలింది. ప్రపంచమంతా సంబరపడింది. తర్వాత రాజధాని వాషింగ్టన్‌లో రెండు వేల మందికి పైగా పోలీసులతో అలాంటి పరీక్షే చేస్తే, 2017లో వచ్చిన ఫలితం చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదంది. దీన్ని చూపించి కెమెరాలు దండగ అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. కెమెరా పోలీసును మంచివాడిని చెయ్యాలని ఆశించడం దగ్గరే మనం దారి తప్పామేమో. కెమెరా కావలసింది, తన మాట ఎవరూ నమ్మని మనిషికి.

నన్నయ భారతంలో శకుంతల కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి కొలువుకు వస్తుంది. నువ్వెవరో నేనెరుగనంటాడు రాజు. పెళ్లి జరిగింది అడవిలో, కణ్వుడు కూడా ఆశ్రమంలో లేనప్పుడు. మనిషి నడత పంచభూతాలకూ సూర్యచంద్రులకూ అంతరాత్మకూ తెలుస్తూనే ఉంటుందని ఆమె చెబుతుంది. అతను కదలడు. ఆకాశవాణి పలికాకే ఒప్పుకుంటాడు. నిజం తెలిసే కాదన్నాననీ, లోకాపవాదానికి భయపడ్డాననీ అప్పుడు చెబుతాడు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. అతని అంతరాత్మ సాక్ష్యం చెప్పకుండా ఏం పోలేదు, కానీ అతనికి మాత్రమే చెప్పింది. సభ మొత్తం వినేదాకా ఆ నిజం ఆమెకు అక్కరకు రాలేదు.

లాకప్‌లో ఉన్నవాడి స్థితి ఇదే. తెలిసినవాళ్లంతా ఒక పక్షం, చెప్పుకోవలసినవాడు ఒక్కడే. తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో 2020 జూన్ 19న, లాక్‌డౌన్ వేళ దాటాక కూడా కొట్టు తెరిచి ఉంచారంటూ తండ్రినీ కొడుకునీ స్టేషన్‌కు తీసుకెళ్లారు. రోజుల వ్యవధిలో ఇద్దరూ చనిపోయారు. వాళ్లు నేల మీద పడి దొర్లడం వల్లే దెబ్బలు తగిలాయని పోలీసులు ఎఫ్ఐఆర్‌లో రాసుకున్నారు. స్టేషన్లో సీసీ కెమెరాలు ఉన్నాయి, హార్డ్ డిస్కులో చోటూ ఉంది. కానీ ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా సెట్ చేసి ఉన్నట్టు విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్ గమనించారు. కన్ను ఉంది, జ్ఞాపకం లేదు.

మీట ఎవరి చేతిలో ఉంటే నిజం వాళ్ల చేతిలో ఉన్నట్టే. 2017లో బాల్టిమోర్ పోలీసు ఒకడు చెత్తలో మాదకద్రవ్యం దాచి, వీధిలోకి నడిచొచ్చి, అప్పుడు కెమెరా ఆన్ చేసి, వెతికి దొరికించుకున్నట్టు నటించాడు. మీట నొక్కడానికి ముందు ముప్పై సెకన్లను కూడా ఆ కెమెరా, శబ్దం లేకుండానైనా, దాచిపెడుతుందన్న సంగతి మరిచాడు. ఒక నిర్దోషిని జైలుపాలు చెయ్యగల నాటకం ఆ మూగ సెకన్ల వల్ల బయటపడింది.

ఇక మనకు దగ్గరి మాట, చెప్పడానికి కష్టమైన మాట. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతి మీద అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదనీ, చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ నలుగురి మీద వచ్చిన ఆరోపణ తలచుకుంటే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ సాక్ష్యం అవసరం గట్టిగా పరీక్షకు నిలిచేది అక్కడే. మనకు ఇష్టమైనవాళ్ల కోసం సాక్షిని అడగడం తేలిక. ఎవరి చావు చూసి మనం చప్పట్లు కొట్టామో వాళ్ల చివరి నిమిషాలను కూడా ఒక కెమెరా చూసి ఉండాలని కోరగలిగితేనే, ఆ కోరిక న్యాయం కోసమని నేను నమ్ముతాను.

2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి స్టేషన్లోనూ, లాకప్ సహా, దృశ్యంతో పాటు మాట కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలనీ, వీలైతే పద్దెనిమిది నెలలు, తక్కువలో తక్కువ ఏడాది ఆ రికార్డు భద్రపరచాలనీ ఆదేశించింది. 2025 సెప్టెంబరులో, పనిచెయ్యని కెమెరాల సంగతిని అదే కోర్టు మళ్లీ తనంతట తాను విచారణకు తీసుకోవలసి వచ్చింది. స్టేషన్ గోడకే ఈ గతి పడితే పోలీసు ఛాతీకి తగిలించేదానికి ఇంకెంత కాపలా కావాలి? ఇళ్లలోకి వెళ్లినప్పుడు ఆడవాళ్లూ పిల్లలూ అందులో పడతారన్న భయం న్యాయమైనదే. వాళ్ల దృశ్యాలు కోర్టు గడప దాటకూడదు.

సాత్తాన్‌కుళంలో డిస్కు మూగదైనప్పుడు నోరు విప్పింది ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్. రాత్రంతా కొట్టారని, లాఠీలకు నెత్తురంటిందని, తన పైవాళ్లూ తోటివాళ్లూ అక్కడే ఉండగా, భయపడుతూనే మేజిస్ట్రేట్‌కు చెప్పింది. ఆమెకు రక్షణ కల్పించాలని హైకోర్టు చెప్పవలసి వచ్చింది. కెమెరాలు పోలీసులకు వ్యతిరేకమనేవాళ్లు ఆమెను తలచుకోవాలి. డిస్కు నిలిచి ఉంటే ఆమె అంత ప్రమాదంలో ఒంటరిగా నిలబడనక్కర్లేదు. అందుకే రికార్డు స్టేషన్ చేతిలో ఉండకూడదంటాను. జిల్లా జడ్జి అధీనంలో ఉండాలి, బాధితుడి ఇంటివాళ్లు అడిగితే ప్రతి ఇవ్వాలి. నొక్కడం మరిచాం, చెడిపోయింది, చెరిగిపోయింది - వీటిలో ఏది వినిపించినా కోర్టు ఆ ఖాళీని పోలీసులకు వ్యతిరేకంగానే చదవాలి.