మాటలోని బానిసత్వం

శ్రమ గౌరవప్రదమని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. శ్రమ చేసేవానికి లోకం పెట్టిన పేర్లు మాత్రం వేరొక కథ చెబుతున్నాయి.

రష్యన్ భాషలో పనిని 'రబోత' అంటారు. దాని మూల స్లావిక్ రూపం 'ఒర్బొత' అని భాషావేత్తలు పునర్నిర్మించారు. ఏ వ్రాతలోనూ దొరకని రూపం గనుక దాని ముందు నక్షత్రపు గుర్తు ఉంచుతారు. 'ఒర్బు' అనగా బానిస. 'ఒర్బొత' బానిస చేసే చాకిరి. ఇంకా వెనక్కు పోతే దిక్కులేనివాడనే అర్థం కనిపిస్తుంది. సంస్కృతం నుండి మనం తెచ్చుకున్న 'అర్భకుడు' ఆ కుటుంబంలోనివాడే. చెక్ రైతు భూస్వామికి చేసిన వెట్టి పేరు 'రోబోత'. అది 1848లో రద్దయింది. 1920లో కారెల్ చాపెక్ తన నాటకంలోని కృత్రిమ శ్రామికులకు 'రోబోట్' అని పేరు పెట్టింది ఈ మాట నుండే.

ఇక మన 'కూలి'. తమిళ, కన్నడ, మలయాళ, తుళు భాషల్లోనూ ఇదే రూపం, ఇదే అర్థం: చేసిన పనికి ముట్టే ప్రతిఫలం. 'కూలికి పోయాడు' అన్నప్పుడు కూలి వేరు, మనిషి వేరు. ఇంగ్లీషు 'కూలీ'లో ఆ తేడా పోయింది. ఆ మాటకు గుజరాతు కోలీల పేరు మూలమనే వాదం ఉన్నా, మన కూలి అర్థం కూడా అందులో కలిసిందని పండితులు భావిస్తారు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ నేటాలు చేరింది. ఆ దారిన పోయిన తెలుగువారు చెరకు తోటల్లో ఈ పేరే మోశారు. గాంధీ సైతం అక్కడ 'కూలీ బారిస్టరు' అనిపించుకున్నాడు.

రబోతలో బానిస మరుగై పని మిగిలింది. కూలీలో ప్రతిఫలం మరుగై, తక్కువవాడుగా ఎంచబడిన మనిషి మిగిలాడు. పుట్టుక బానిసత్వంలో ఉన్నంత మాత్రాన పని ఎప్పటికీ బానిసత్వమే అనడం పొరపాటు; అలా అయితే రబోత ఈనాటికీ వెట్టియే కావాలి గదా! 'కూలీ'ని 'కార్మికుడు'గా మార్చితే చాలుననడం అంతకంటె పెద్ద పొరపాటు. మాట అర్థాన్ని నిలిపేదీ మార్చేదీ మనుషుల మధ్య ఉన్న సంబంధం.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఆకలికి తాళలేక కనీస వేతనం కంటె తక్కువకు పనిచేయడం కూడా నిర్బంధ శ్రమయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొరడా లేకున్నా ఆకలి చాలునని న్యాయస్థానమే ఒప్పుకున్నదన్నమాట.

కనుక సబ్బవరం పల్లెల నుండి విశాఖ పరిశ్రమలకు కాంట్రాక్టు పనికి పోయేవానిని ఏమని పిలవాలన్నది రెండవ ప్రశ్న. అతని కూలిని ఎవరు నిర్ణయిస్తున్నారు, కాదని చెప్పి మరునాడు పనిలో నిలవగలడా అన్నది మొదటి ప్రశ్న.