కదలలేని భక్తుని కడకు

భాగ్యనగరమునకు పడమట, గండిపేట జలాశయ తీరమున, మొయినాబాదు మండలములోని చిలుకూరు గ్రామమున శ్రీ వేంకటేశ్వరస్వామి శ్రీదేవీ భూదేవీ సమేతుడై వెలసియున్నాడు. హుండీ లేని ఈ యాలయమున భక్తులు 11 ప్రదక్షిణలు చేసి మ్రొక్కుకొందురు. కోరిక యీడేరిన పిదప 108 ప్రదక్షిణలు సలుపుదురు.

ఈ క్షేత్రమునకు మూలము ఒక యార్తుని గాథ. ప్రతి వత్సరము తిరుమలకు పోయి స్వామిని సేవించుచుండిన భక్తుడొకడు వ్యాధిగ్రస్తుడై, పయనింపజాలక పరితపించెనట. స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తాను సమీపారణ్యముననే యున్నానని ఊరడించెనని స్థలపురాణము. కొండ యెక్కలేని వానికై కొండలరాయడే దిగివచ్చెను. పూర్వాచార్యులు కీర్తించిన సౌలభ్యగుణ మిదియే.

ఆ మొయినాబాదు, చేవెళ్ల పల్లెలలో నేడును మంచము దిగలేని యార్తులు గలరు. కాన్సరు ముదిరి, ఇక నయము కాదని వైద్యులు తెలుపగా ఇల్లు చేరినవారు వారు. చేయదగినది యేమియు లేదని ఇంటివారు క్రుంగిపోవుదురు. కాని చేయదగినది చాల యున్నది. నొప్పిని తగ్గించుట, పుండ్లను కడిగి కట్టు కట్టుట, వాంతులను ఆయాసమును అణచుట, పడక పుండ్లు పడకుండ రోగిని ప్రక్కలు మార్చుట, ఈ సేవను ఇంటివారికి నేర్పుట, వారి దుఃఖమును ఆలకించుట: దీనికే ఉపశమన చికిత్స యని పేరు. 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పిన సిసిలీ సాండర్స్, రోగి బాధలో దేహముతో పాటు మనస్సు, కుటుంబము, ఆత్మ కూడ పాలుపంచుకొనునని బోధించెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు వైద్యశాలలో ఈ సేవ గలదు. చేవెళ్ల ప్రభుత్వ వైద్యశాలలోను ఇట్టి కేంద్ర మేర్పడినది. ఇల్లు కదలలేని రోగుల కడకు వైద్యసిబ్బందియే పోవుట ఈ చికిత్సలో ముఖ్యభాగము.

ఇచట కొందరు సద్భక్తులకు సందేహము కలుగును. బాధ ప్రారబ్ధఫలము గదా, మందుతో దానిని తొలగింపవచ్చునా? మార్ఫిను మత్తున రోగి అంత్యకాలమున హరినామమును మరచునేమో? ఆకలియు దేహధర్మమే, అయినను ప్రారబ్ధమని ఆకలిగొన్న వానికి అన్నము నిరాకరించు గృహస్థు లేడు. మార్ఫినును వైద్యుడు నిర్ణయించిన మోతాదున, సాధారణముగా 4 గంటల కొకమారు నోటి ద్వారా ఇత్తురు. తొలిదినములలో కొంత మగత కలిగినను అది క్రమముగా తగ్గును. 2014లో చట్టమును సవరించి, వైద్యశాలలు ఈ మందును పొందుటను సులభము గావించిరి. నిజమునకు నామస్మరణను హరించునది భరింపరాని నొప్పియే. అది శమించినవాడు కన్నులు తెరచి, బిడ్డలను పలుకరించి, స్వామిని తలచుకొనగలడు.

తలచుకొనలేకపోయినను భయము వలదు. స్వస్థుడై యున్నపుడు తన్ను స్మరించినవానిని, వాడు కట్టెవలె రాతివలె పడియున్న వేళ తానే స్మరించి పరమగతికి చేర్తునని వరాహమూర్తి భూదేవికి మాట యిచ్చెను. ఈ చరమశ్లోకము శ్రీవైష్ణవులకు ప్రాణసమానము.

రెక్కలు తెగిన జటాయువు చెంత శ్రీరాముడు కడవరకు నిలిచి, ఉత్తరక్రియలను స్వహస్తములతో నిర్వర్తించెను. మన పొరుగింట అట్టి యార్తుడున్నచో ఒక పూట అతని చెంత కూర్చుండి, రేయింబవళ్లు మేలుకొన్న ఇల్లాలికి నిదుర కల్పించుట భాగవత కైంకర్యమే. మ్రింగలేని వాని గొంతున తీర్థము పోయరాదు. తడిపిన దూదితో పెదవుల నద్దిన చాలును. ఆ బిందువును స్వామి స్వీకరించును.