కార్తెయు జాతకమును

రోహిణి ఎండలు, మృగశిర చినుకులు అని చెప్పుకొనని యిల్లు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో లేదు. మన క్రైస్తవ రైతులును కార్తె చూచియే నారు పోయుదురు. ఇది విశ్వాసికి తగదని గద్దించు బోధకులు కొందరున్నారు. కాని పెండ్లికుమార్తె తండ్రి మెల్లగా వచ్చి, “అయ్యగారూ, శుక్రవారము గదా, పదిన్నరలోపు ఆరాధన ముగించండి, తరువాత రాహుకాలము” అన్నప్పుడు వారే మారు మాటాడక గడియారము చూచుకొందురు!

ఈ రెండు సంగతులు ఒక్కటి కావు. మధ్యయుగపు క్రైస్తవ పండితులు ఈ భేదమును గూర్చి చాల శ్రమపడిరి. వారిలో ముఖ్యుడైన తోమా అక్వినాసు (1225–1274) ఆకాశమును చూచి వానను, ఎండను గ్రహించుట తప్పు కాదనెను. మనుష్యుని చిత్తమును మాత్రము ఏ నక్షత్రమును బలవంతపెట్టజాలదనెను. మరి జ్యోతిష్కుల మాట అప్పుడప్పుడు నిజమగుటేమి? అనేకులు బుద్ధిని విడిచి శరీరేచ్ఛల వెంట పోవుదురు, ఆ శరీరముపై నక్షత్రముల ప్రభావము కలదు, అని ఆయన జవాబు. దీనిని నేటి శాస్త్రము ఒప్పదు, మేమును ఒప్పము. మొదటి మాట నిలిచినది. 1277లో పారిస్ బిషప్పు 219 సిద్ధాంతములను ఖండించినప్పుడు, మన చిత్తము నక్షత్రములకు లోబడియున్నదను బోధయు వాటిలో నుండెను.

ఆదికాండము మొదటి అధ్యాయము ప్రకారము జ్యోతులు కాలములను తెలుపుటకు నియమింపబడినవి. కార్తెయు అట్టి లెక్కయే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున పదమూడు పదునాలుగు దినములుండును. ఇరువదియేడు కార్తెలకు ఏడాది తిరుగును. మృగశిరలో వాన తప్పిన యెడల రైతు ఆర్ద్ర కొరకు కనిపెట్టును గాని తన పుట్టుకను నిందించుకొనడు.

జాతకమట్లు కాదు. ఈ పండితులకు గురువువంటివాడు ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీను (354–430). ఆయనయు యౌవనమున జాతకములు నమ్మినవాడే. ఫర్మీనుసను స్నేహితుడు ఆయనకొక సంగతి చెప్పెను. ఫర్మీనుసు తండ్రికిని, తండ్రి స్నేహితునికిని జ్యోతిష్యమన్న ఎంత పిచ్చియనగా, ఇంట పశువులు ఈనిన గడియను సయితము వ్రాసికొనెడివారు. ఫర్మీనుసు పుట్టిన క్షణముననే ఆ స్నేహితుని యింట ఒక దాసి కుమారుని కనెను. వార్త తెలుపుటకు రెండిండ్ల నుండి బయలుదేరిన మనుష్యులు సరిగా నడిమిదారిలో కలిసికొనిరి. జాతకమొక్కటే. ఫర్మీనుసు ధనమును ఘనతను పొందెను. దాసి కుమారుడు దాసుడుగానే మిగిలెను.

ఈ కథ మన పల్లెలలో చదివి వినిపింపదగినది. కామందు మేడలోను, ఊరిచివరి పాకలోను ఒకే గడియలో బిడ్డలు పుట్టలేదా? ఒకడు బడికి, ఒకడు పాలేరుతనమునకు పోయిరి. మీ రాత యింతేయని మన తాతలకు చెప్పిన నోళ్లెన్నో! భూమియు, బావియు, చదువును ఎవరి చేతులలో నుండెనో ఆ నోళ్లు చెప్పలేదు. 1842లో గుంటూరు వచ్చిన హేయరు దొర ఎవరి పుట్టినవేళయు అడుగలేదు, బడులు పెట్టెను.

అట్టి తాతల మనుమలమైన మనలో, పిల్ల మూలా నక్షత్రమున పుట్టినది, మామగారికి గండమని సంబంధము విడిచిపెట్టువారున్నారు. ఆ పిల్లకు చదువున్నది, గుణమున్నది, బాప్తిస్మమున్నది. ఇట్లు సంబంధము తప్పిన యిల్లు మీ సంఘములో నున్నయెడల, పెద్దలు ఈ నెలలోనే ఆ యింటికి వెళ్లి, పిల్ల వినునట్లు మాటాడవలెనని మా మనవి.