కృష్ణకు అవతలి ఒడ్డున ఒక తండ్రి

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆదివారం ఆరాధన మొదలయ్యేసరికి ముందు చాపల మీద తల్లులూ పిల్లలూ కూర్చుని ఉంటారు. తండ్రులు చాలామంది వాక్యం సగమయ్యాక వస్తారు. కొందరు బండికి స్టాండు వేసి గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో నైట్ డ్యూటీ దిగినవాళ్లకు కళ్లు మూతలు పడుతుంటాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలిన రోజుల్లోనైతే పొలం పనిముందు ఇంకేదీ ఆగదు. పిల్లలకు ప్రార్థన నేర్పడం అమ్మ వంతు, వాక్యాలు కంఠతా పట్టించడం సండే స్కూల్ టీచర్ వంతు. నాన్న వంతుకు రెండు మిగులుతాయి. ఒకటి ఫీజు కట్టడం, రెండోది తప్పు చేసినప్పుడు చెయ్యెత్తడం.

పౌలు పట్టుకున్నది ఈ రెండోదాన్నే. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లలకు విధేయత చెప్పి, వెంటనే తండ్రుల వైపు తిరుగుతాడు. పిల్లలకు కోపం రేపవద్దంటాడు, ప్రభువు శిక్షణలో పెంచమంటాడు. కొలొస్సయులకు రాసినప్పుడు కారణం కూడా చెబుతాడు: విసిగిస్తే పిల్లల మనసు కుంగిపోతుందని.

ఈ మాట ఏ కాలంలో పుట్టిందో తెలిస్తేనే దాని పదును తెలుస్తుంది. నాటి రోమన్ చట్టంలో తండ్రి బతికున్నంతకాలం కొడుకు ఎంత పెద్దవాడైనా ఆయన అధికారం కిందే ఉండాలి. పుట్టిన బిడ్డను పెంచాలో వదిలెయ్యాలో తేల్చేది తండ్రే. చావుబతుకుల మీద కూడా ఆయనకు హక్కుందని చట్టం ఒప్పుకునేది. అలాంటి సమాజంలో నిలబడి, ముందు నీ కోపం సంగతి చూసుకోమని తండ్రికే చెప్పడం చిన్న విషయం కాదు. మన ప్రసంగాల్లో మాత్రం సామెతల గ్రంథంలోని బెత్తానికి దొరికినంత చోటు ఈ హెచ్చరికకు దొరకదు. బెత్తం గుర్తుపెట్టుకోవడం తేలిక మరి.

అలాగని తండ్రి చేతులు ముడుచుకుని కూర్చోవాలనీ బైబిలు అనదు. గుడిలో తన కొడుకులు చేస్తున్న దౌర్జన్యం తెలిసి కూడా యాజకుడైన ఏలీ వాళ్లను ఆపలేకపోయాడు. దావీదు తన కొడుకు అదోనీయాను ఎందుకిలా చేశావని ఒక్కనాడూ అడిగి నొప్పించలేదని రాజుల మొదటి గ్రంథం రాసిపెట్టింది. ఒకరు పెద్ద యాజకుడు, ఇంకొకరు మహారాజు. ఇద్దరికీ ఊరంతటినీ చక్కబెట్టే తీరిక ఉంది, ఇంట్లో కూర్చుని అడిగే తీరికే లేకపోయింది.

తీరిక అనే మాట దగ్గర నల్గొండ చరిత్రను ఒకసారి తలుచుకోవాలి. 1890 ప్రాంతంలో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన మెన్నోనైట్ దంపతులు, అబ్రహాం ఫ్రీసన్, మరియా, బాప్టిస్టు మిషన్ తరఫున నల్గొండలో కాపురం పెట్టారు. ఆ కాలంలో వాక్యం విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. దొర గడీ నుంచి కబురొస్తే ఏ పొద్దయినా వెట్టికి లేచిపోవాల్సినవాళ్లు. తన పొద్దే తనది కాని తండ్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఏం నేర్పగలడు? అక్షరమూ ప్రార్థనా క్రమశిక్షణా మిషన్ బడి చేతికి వెళ్లాయంటే అందులో తండ్రుల బాధ్యతారాహిత్యం కంటే బతుకు బందిఖానాయే ఎక్కువ. వెట్టి పోయి దశాబ్దాలయింది. పిల్లల్ని బడికీ పాస్టర్‌కూ అప్పగించే అలవాటు మాత్రం తరాలు దాటి వచ్చింది.

ఆ అలవాటు పక్కన పెట్టి చూడాల్సిన తండ్రి ఒకరు నదికి అవతల ఉన్నారు. మట్టపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటితే పల్నాడు. అక్కడి వినుకొండలో 1895లో కవి గుర్రం జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ ఇంటి ఆడపడుచు, ఇద్దరూ క్రైస్తవులు. ఆ పెళ్లికి వెల కొడుకు కూడా చెల్లించాడు. అగ్రవర్ణాలవాళ్లు అంటరానివాడన్నారు. హిందూ పురాణ వస్తువులతో పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు తప్పుబట్టారు. చర్చితో ఆయనకు చివరిదాకా సరిగ్గా పొసగలేదు. అయినా ‘క్రీస్తు చరిత్ర’ కావ్యం రాసింది ఆయనే, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కిందీ దానికే. క్రైస్తవ తండ్రికి ఉదాహరణ చెప్పమంటే పాస్టర్‌గారు జాషువా పేరెత్తడానికి కాస్త తటపటాయిస్తారు. ఉదాహరణగా ఆయన పనికొచ్చేది అందుకే.

ఆయన కూతురు హేమలత 1932లో పుట్టారు. 1960లో లవణంను పెళ్లాడారు. లవణం ఎవరు? గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, కొడుకు. బ్రాహ్మణ ఇంట పుట్టిన గోరా జంధ్యం వద్దన్నందుకు కన్నవారి ఇల్లు వదలాల్సి వచ్చింది. నాస్తికత్వం వల్ల కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. క్రీస్తు మీద కావ్యం కట్టిన కవి తన బిడ్డను దేవుడే లేడనే ఇంటికి కోడలిగా పంపారు.

కులం గోడ దాటిన పెళ్లిగా దీన్ని అందరూ మెచ్చుకుంటారు. విశ్వాసి అయిన తండ్రికి గుండెలో ముల్లు గుచ్చుకునేది మరోచోట. బిడ్డ గుణవంతురాలు, ధైర్యవంతురాలు, సాటి మనిషి కోసం నిలబడే మనిషి. కానీ సంఘం రిజిస్టరులో పేరుండదు. అప్పుడు ఆ పెంపకం గెలిచినట్టా, ఓడినట్టా? రిజిస్టరు ముఖ్యమనేవాళ్ల ఆవేదనను తేలిగ్గా తీసెయ్యలేం, వాళ్లకది నిత్యజీవానికి సంబంధించిన ప్రశ్న. అయితే లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో, తప్పిపోయిన కుమారుడి కథలోని తండ్రి ఆస్తి పంచి ఇచ్చాడు, వెళ్లే కొడుకు కాళ్లకు అడ్డం పడలేదు. దూరంగా ఉండగానే గుర్తుపట్టాడంటే చూపు దారి మీదే ఉందన్నమాట. హేమలత తప్పిపోయిన కూతురేమీ కాదు, ఆ పోలిక అక్కడితో సరి. చెయ్యి వదలగలగడం కూడా పెంపకంలో భాగమే అన్నంతవరకే ఆ కథ ఇక్కడ పనికొస్తుంది.

తండ్రి ఎలాంటివాడో చెప్పాల్సింది తండ్రి కాదు, బిడ్డలు. అమెరికాలోని స్పోకేన్‌లో 1909లో చర్చిలో మాతృదినోత్సవ ప్రసంగం విని, మరి మా నాన్న సంగతేమిటని అడిగింది సొనోరా డాడ్ అనే కూతురు. తల్లి పోయాక పిల్లల్ని సాకిన తండ్రి ఆమెది. మరుసటి ఏడు జూన్‌లో అక్కడ పితృదినోత్సవం జరిగింది. హేమలత కూడా ‘మా నాన్నగారు’ అని పుస్తకం రాశారు, ఆయన పేరున జాషువా ఫౌండేషన్ పెట్టారు.

ఆమె చేసిన పనుల్లో ఒకటి మళ్లీ తండ్రుల దగ్గరికే వెళ్తుంది. నేరస్థ తెగలని ముద్రవేసిన ఎరుకల కుటుంబాల కోసం బాపట్ల దగ్గర 1910ల్లో స్టువర్టుపురం వెలిసింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే క్రైస్తవ సంస్థే. పిల్లల్ని కన్నవాళ్ల నుంచి వేరుచేసి బాగుచెయ్యొచ్చని 1911 నాటి నేరస్థ తెగల చట్టం ప్రభుత్వానికి అధికారమిచ్చింది. తండ్రి చెడ్డవాడని ముందే తేల్చి, బిడ్డకు మంచి గుణాలు మేం నేర్పుతామనడం ఆ చట్టం వరస. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. 1970ల మధ్యలో లవణం, హేమలత అదే ఊరికి వెళ్లి దొంగలని పేరుపడినవాళ్ల ఇళ్లలో కూర్చున్నారు, వాళ్లతోనే మాట్లాడారు, వాళ్లకు బతుకుతెరువు చూపే పనిలో పడ్డారు.

జాషువా ఆ రోజులు చూడలేదు. 1971 జులై 24నే ఆయన కన్నుమూశారు.